ఎదురుచూడడం నేర్చిన యంత్రం



మన పదాలలోనూ జావళీలలోనూ నిరీక్షణకు పెద్దపీట వేసినారు. నేను ఈ పూట ప్రసంగించబోయేది కూడా నిరీక్షణను గురించే. అయితే ఎదురుచూచేది నాయిక కాదు, కంప్యూటరు. అది ఒక పరికరాన్ని ఏదో అడిగినది. జవాబు రావడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో కంప్యూటరు ఏమి చేస్తూ ఉండవలెను? ఇది ఇంజనీర్లు తమలో తాము తేల్చుకోవలసిన చిన్న విషయమని నేను ఒకప్పుడు అనుకునేవాణ్ణి. కాదని ఒక తుఫాను రోజున తెలిసివచ్చినది. ముందుగా ఆ సంగతి మనవి చేస్తాను.

సుమారు పదిహేను సంవత్సరాల కిందట నేను సముద్రతీరానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న నిలయంలో పనిచేస్తూ ఉండేవాణ్ణి. రికార్డు చేసిన కార్యక్రమాలను వేళకు వినిపించే బాధ్యత ఒక కంప్యూటరుది. అది అప్పటికే పాతబడినది. దానిలో ఒకే ఒక్క ప్రాసెసరు ఉండేది. ఆవరణ వెనుక వైపున ట్రాన్స్‌మిటరు గది. అక్కడ ప్రసారశక్తిని కొలిచే ఒక పరికరం ఉన్నది. ఆ కొలత నా బల్లమీద ఎప్పటికప్పుడు కనబడితే బాగుండునని కోరినవాణ్ణి నేనే. మాకు సాయం చేస్తూ ఉండిన ఒక యువకుడు పరికరం నుంచి కంప్యూటరుకు ఒక తీగ లాగి, రెండు రోజులలో ఒక చిన్న ప్రోగ్రాం వ్రాసి ఇచ్చినాడు. అది ముఖ్యమైన పని అని నేను అన్నందువల్ల దానికి మిగిలిన ప్రోగ్రాములన్నిటికంటె పై స్థానం కల్పించినాడు. కొన్ని నెలలపాటు అంతా సవ్యంగానే జరిగినది.

తుఫాను వచ్చిన రోజున మేము మత్స్యకారులకు హెచ్చరికను రికార్డు చేసి గంటగంటకూ వినిపిస్తున్నాము. మధ్యాహ్నం వాన పెరిగినది. అప్పటినుంచీ ప్రసారంలో మాట తెగిపోవడం మొదలైనది. ఒక మాట వినబడుతుంది, అర సెకను నిశ్శబ్దం, మళ్ళీ సగం మాట. మేము ట్రాన్స్‌మిటరును అనుమానించినాము. మైకు తీగలను అనుమానించినాము. ఇంతలో ఒక పల్లెనుంచి ఎవరో ఫోను చేసి, "అయ్యా, మీ రేడియో నత్తిగా మాట్లాడుతోంది. వేటకు వెళ్ళవచ్చు అన్నారా, వెళ్ళకూడదు అన్నారా?" అని అడిగినాడు. ఆయనకు వెంటనే సమాధానం చెప్పి, నేను స్టూడియోలోకి పరుగెత్తి, రికార్డింగును పక్కన పెట్టి, హెచ్చరికను నా గొంతుతోనే రెండుసార్లు నిదానంగా చదివినాను.

సాయంకాలానికి మా ఇంజనీరు కారణం కనిపెట్టినాడు. కంప్యూటరు పెట్టెలో పంకా గట్టిగా హోరెత్తుతున్నదని ఆయన గమనించినాడు. ప్రాసెసరు ఏ పని చేస్తున్నదో చూపే పట్టికను తెరిచినాడు. తన కాలంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా అది నా కొలత ప్రోగ్రాముకే ఖర్చు పెడుతున్నది! ఆ ప్రోగ్రాం ఏమి చేస్తున్నదయ్యా అంటే, ఏమీ చేయడం లేదు. ఎదురుచూస్తున్నది.

ఇది ఎట్లా జరిగినదో చెప్పడానికి కొంచెం లెక్క అవసరం. ఆ తీగ మీద సెకనుకు 9600 బిట్ల వేగంతో సమాచారం నడుస్తుంది. ఒక్కొక్క అక్షరానికి ఆద్యంత సూచనలతో కలిపి 10 బిట్లు కావలెను. అంటే సెకనుకు 960 అక్షరాలు. ఒక అక్షరానికి సుమారు ఒక మిల్లీసెకను, అనగా సెకనులో వెయ్యవ వంతు. మనకు ఇది కనురెప్పపాటుకంటె చాలా తక్కువ. ప్రాసెసరు సంగతి వేరు. సెకనుకు 200 కోట్ల స్పందనలతో నడిచే ప్రాసెసరుకు ఒక మిల్లీసెకనులో 20 లక్షల స్పందనలు జరుగుతాయి. దాని ఒక్కొక్క స్పందనను మన ఒక్కొక్క సెకనుగా భావించి చూడండి. అప్పుడు ఒక్క అక్షరం చేరడానికి పట్టే కాలం సుమారు 24 రోజులు. ఆ పరికరం 20 అక్షరాల జవాబు ఇస్తే, ఒక సంవత్సరం నాలుగు నెలలు. జవాబు అర సెకను ఆలస్యమైతే, ముప్పయి ఒక్క సంవత్సరాలకు పైచిలుకు!

మా ప్రోగ్రాం సెకనుకు ఒకసారి "శక్తి ఎంత?" అని అడిగేది. అడిగిన మరుక్షణం నుంచి "జవాబు వచ్చినదా? వచ్చినదా? వచ్చినదా?" అని తీగ కొసను తడిమి చూస్తూ ఉండేది. పొడిగా ఉన్న రోజులలో పరికరం వెంటనే పలికేది గనుక ఈ తడుములాట సెకనులో ఏ నలభయ్యవ వంతో సాగి ఆగిపోయేది. ఎవరికీ బాధ తెలియలేదు. వానకు తీగ మొగలో నీరు చేరినది. అడిగిన ప్రశ్న పరికరానికి సరిగా అందక, జవాబు చాలా ఆలస్యంగా వచ్చేది. అంతసేపూ ప్రోగ్రాం తడుముతూనే ఉన్నది. దానికి పై స్థానం ఇచ్చినాము గదా, మాటలను వినిపించవలసిన ప్రోగ్రాముకు వంతు రాలేదు. ముందుగా నింపి ఉంచిన కాస్త ధ్వని అయిపోగానే రేడియో మూగబోయినది. జవాబు వచ్చిన తరువాత మళ్ళీ పలికినది. ఆ పల్లెవారు విన్న నత్తి ఇదే.

ఈ విధమైన నిరీక్షణకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు 'బిజీ వెయిటింగ్' అని పేరు పెట్టినారు. క్షణమైనా తీరిక లేకుండా ఊరక ఉండడం అన్నమాట. ఇందులో మరొక నష్టమున్నది. నేటి ప్రాసెసర్లు పని లేనప్పుడు విశ్రమిస్తాయి; తమ లోపలి భాగాలకు వేగం తగ్గించి, కొన్నిటిని ఆపి, విద్యుత్తును ఆదా చేసుకుంటాయి. కాని అడిగినదే అడుగుతూ ఉండే ప్రోగ్రాం ప్రాసెసరు దృష్టిలో పనిచేస్తున్న ప్రోగ్రామే. గొప్ప గణితం చేయడానికీ, "వచ్చినదా?" అని కోటిసార్లు అడగడానికీ దానికి భేదం తెలియదు. అందుచేత వేడి పుడుతుంది, పంకా తిరుగుతుంది, బ్యాటరీతో నడిచే యంత్రమైతే బ్యాటరీ కరిగిపోతుంది.

మరి ఎట్లా ఎదురుచూడవలెను? రైల్వే స్టేషనులో అర్ధరాత్రి బండికోసం కాచుకున్న ప్రయాణికుణ్ణి తలచుకోండి. బండి ఆలస్యమని చెప్పినారు. ఎంత ఆలస్యమో తెలియదు. ఆయన నిమిషానికొకసారి కిటికీ దగ్గరకు వెళ్ళి "బండి వచ్చినదా?" అని అడిగితే ఆయనకు నిద్ర ఉండదు, కిటికీలోని గుమాస్తాకు పని సాగదు. మా ప్రోగ్రాం చేసినది ఇదే.

మొదటి ఉపాయం, అడగడాన్ని తగ్గించడం. అరగంటకొకసారి లేచి వెళ్ళి చూచి, మళ్ళీ వచ్చి పడుకోవచ్చును. ప్రోగ్రాములో ఇది ఒక్క వాక్యంతో జరిగే పని: "చూచినాను, రాలేదు, ఇక పది మిల్లీసెకన్లు నన్ను నిద్రపుచ్చు" అని ఆపరేటింగ్ సిస్టంను కోరడం. ఆ పది మిల్లీసెకన్లూ ప్రాసెసరు ఇతరులకు దక్కుతుంది. మా ప్రోగ్రాములో ఈ ఒక్క వాక్యమున్నా ఆ రోజు ప్రసారం తెగిపోయేది కాదు. ఇందులో లోపం లేకపోలేదు. బండి మనం పడుకున్న మరుక్షణమే వస్తే, తిరిగి లేచేదాకా తెలియదు. నిద్ర ఎక్కువైతే జవాబు పాతబడుతుంది. తక్కువైతే పాత తడుములాటే తిరిగి వస్తుంది. ఎదుటి పరికరం ఎంతసేపట్లో బదులు చెప్పగలదో తెలిసినవాడు మాత్రమే నిద్రకు తగిన కొలత నిర్ణయించగలడు.

రెండవ ఉపాయం, లేపమని చెప్పి పడుకోవడం. "బండి వచ్చేటప్పుడు లేపు నాయనా" అని కూలివానితో చెప్పి నిశ్చింతగా నిద్రపోవచ్చును. కంప్యూటరు భాషలో దీనిని ఇంటరప్ట్ అంటారు. పరికరం తన జవాబు సిద్ధం కాగానే ప్రాసెసరుకు ఒక సంకేతం పంపుతుంది. ప్రాసెసరు చేస్తున్న పనిని అక్కడికక్కడ నిలిపి, ఎక్కడ నిలిపినదో గుర్తు పెట్టుకుని, జవాబును అందుకుని, తిరిగి పాత పనిలోకి వస్తుంది. మా వార్తల స్టూడియోలో ఇది నిత్యం జరిగేదే. వార్తలు చదువుతూ ఉండగా ఎవరో చప్పుడు కాకుండా వచ్చి ఒక చీటీ ముందు పెడతారు. చదువుతున్న పంక్తిమీద వేలు ఉంచి, చీటీలోని వార్త చదివి, వేలు ఉన్న చోటినుంచి మళ్ళీ సాగిపోవలెను. వేలు తీసినవాడు తికమకపడతాడు.

ఈ ఉపాయానికి చాలా సంవత్సరాల చరిత్ర ఉన్నది. 1954లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థవారు డైసియాక్ అనే కంప్యూటరును నిర్మించినారు. దానిలో ఆజ్ఞల వరుసను గుర్తుంచుకునే స్థానాలు రెండు ఉండేవి. బయటి పరికరం నుంచి సంకేతం రాగానే అది ఒక వరుసను విడిచి రెండవ వరుసకు మారగలిగేది. చదువుతున్న పుటలో ఒక వేలు, చీటీమీద మరొక వేలు! ఆ దశకంలోనే యూనివాక్ 1103ఎ అనే కంప్యూటరును క్లీవ్‌లాండులోని లూయిస్ పరిశోధనశాలలో గాలి సొరంగపు ప్రయోగాలకు వాడినారు. అది మామూలు లెక్కలు చేసుకుంటూ ఉండేది. సొరంగం నుంచి కొలతలు వచ్చినప్పుడు మాత్రం చేతిలో పని ఆపి వాటిని అందుకునేది. గాలి సొరంగాన్ని నడపడం ఖర్చుతో కూడిన పని. దాని కొలతలు కంప్యూటరు తీరికకోసం కాచుకోలేవు. కంప్యూటరు కూడా సొరంగంకోసం రోజంతా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఉభయులకూ ఇంటరప్టే శరణ్యమైనది.

అయితే దీనిని అందరూ చప్పట్లతో ఆహ్వానించలేదు. హాలండు దేశస్థుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పేరు ఈ శాస్త్రం చదివినవారందరికీ తెలిసినదే. ఎక్స్1 అనే కంప్యూటరులో ఇంటరప్టును చేర్చుదామని సహచరులు ప్రతిపాదించినప్పుడు ఆయన మొదట జంకినాడు. కారణం సమంజసమైనది. ఇంటరప్టు ఏ క్షణాన వస్తుందో ముందుగా చెప్పలేము. ఒక రోజున రెండు ఆజ్ఞల నడుమ ఒకచోట వస్తుంది, మరునాడు మరొకచోట. దానివల్ల తప్పు దొర్లితే, ఆ తప్పును మళ్ళీ రప్పించి పరీక్షించడానికి వీలుండదు. చివరకు ఆయన అంగీకరించి, ఆ పనిని జాగ్రత్తగా నిర్వహించే ప్రోగ్రాం రచించి, దానినే 1959లో తన డాక్టరేటు గ్రంథానికి విషయంగా చేసుకున్నాడు.

తరువాత ఆయన మరొక అడుగు వేసినాడు. ఒక ప్రోగ్రాం మరొక ప్రోగ్రాంకోసం ఎదురుచూడవలసి వచ్చినప్పుడు ఊరక తిరుగుతూ ఉండనక్కరలేదు. దానిని నిద్రపుచ్చి, కావలసినది సిద్ధమైనప్పుడు రెండవది దానిని లేపవచ్చును. ఈ ఏర్పాటుకు ఆయన పెట్టిన పేరు సెమఫోర్. రైలుకట్ట పక్కన చెయ్యి చాచి నిలిచే సిగ్నలు స్తంభానికి ఉన్న పేరే అది. చెయ్యి వాలేదాకా బండి ఆగి ఉంటుంది, వాలగానే కదులుతుంది. 1965లో ఆయన వ్రాసిన వ్యాసం ద్వారా ఇది శాస్త్రలోకంలో బాగా వ్యాపించినది. నేటి ఆపరేటింగ్ సిస్టములన్నీ ఏదో ఒక రూపంలో ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. "ఈ తీగ మీద జవాబు కావలెను" అని ప్రోగ్రాం కోరగానే, ఆపరేటింగ్ సిస్టం దానిని పనికి సిద్ధంగా ఉన్నవారి వరుసనుంచి తీసి, కాచుకున్నవారి వరుసలో కూర్చోబెడుతుంది. ప్రాసెసరును తరువాతి ప్రోగ్రాంకు అప్పగిస్తుంది. ఎవరికీ పని లేకపోతే ప్రాసెసరునే విశ్రమింపజేస్తుంది.

మూడవ ఉపాయం, సామాను సంగతి. మన ప్రయాణికునికి పాతిక పెట్టెలు ఉన్నాయనుకోండి. కూలివాడు ఒక్కొక్క పెట్టె ఎక్కించి, ప్రతిసారీ వచ్చి లేపితే ఆ నిద్ర నిద్ర కాదు. పాతికా ఎక్కించి ఒక్కసారి లేపితే చాలును. తీగ మీదనుంచి వచ్చే అక్షరాల విషయంలో జరిగినది ఇదే. తొలినాటి చిప్పులు ఒక్కొక్క అక్షరానికీ ఒక ఇంటరప్టు పంపేవి. తరువాత వచ్చిన 16550 అనే చిప్పు 16 అక్షరాలను తనలో దాచుకుని, కొన్ని చేరిన తరువాత ఒక్కసారి పిలుస్తుంది. డిస్కుల వంటి పెద్ద పరికరాలకు ఇంకా పైమెట్టు ఏర్పాటు ఉన్నది. అవి ప్రాసెసరు చేయి వేయకుండానే సమాచారాన్నంతా సరాసరి జ్ఞాపకశాలలో చేరవేసి, పని ముగిసిన తరువాత ఒక్క మాట చెబుతాయి. దీనిని డి.ఎం.ఎ. అని పిలుస్తారు.

నాలుగవది ఉపాయం కాదు, జాగ్రత్త. లేపుతానన్న కూలివాడు తానే నిద్రపోతే? అందుకని వివేకి అయిన ప్రయాణికుడు తలదగ్గర గడియారానికి అలారం కూడా పెట్టుకుంటాడు. ప్రోగ్రాం కూడా "జవాబు రాగానే నన్ను లేపు, రాకపోతే రెండు వందల మిల్లీసెకన్ల తరువాత ఎట్లాగైనా లేపు" అని చెప్పవలెను. ఈ గడువుకే టైమవుట్ అని పేరు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు విడుదల చేసిన యూనిక్స్‌లో 'సెలెక్ట్' అనే సౌకర్యం వచ్చినది. అనేక తీగలను ఒకేసారి కనిపెట్టి ఉండి, వాటిలో ఏది పలికినా లేపడానికీ, ఏదీ పలకకపోతే గడువు తీరగానే లేపడానికీ అది వీలు కల్పించినది. మా ప్రోగ్రాములో నిద్ర లేదు, గడువూ లేదు. పరికరం అసలే పలకకపోతే అది ప్రళయకాలం దాకా అడుగుతూనే ఉండేది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. అడుగుతూ ఉండడం ఎప్పుడూ తప్పేనా? కాదు. సిగ్నలు వాలినది, బండి దీపం కనబడుతున్నది, అప్పుడు పక్క పరచుకుని పడుకునేవాడు ఎవడు? నిలబడే చూస్తాము. నిద్రపుచ్చడానికీ లేపడానికీ కూడా ప్రాసెసరు కాలం ఖర్చవుతుంది. జవాబు కొద్ది మైక్రోసెకన్లలో వచ్చేదైతే, పడుకుని లేవడంకంటె కాచుకుని చూడడమే చౌక.

ఇంటరప్టులు మితిమీరినా ఆపదే. నెట్‌వర్కు మీద సమాచారపు పొట్లాలు వరదలాగా వచ్చిపడినప్పుడు, ప్రతి పొట్లానికీ లేచి చూడడంతోనే కంప్యూటరుకు తెల్లవారిపోతుంది. విప్పి చదవడానికి తీరిక ఉండదు. జెఫ్రీ మోగల్, కె. కె. రామకృష్ణన్ అనే ఇద్దరు 1996లో ఈ దురవస్థను పరిశీలించి ఒక మార్గం సూచించినారు. రద్దీ ఎక్కువైనప్పుడు "నన్ను లేపవద్దు, నేనే వంతులవారీగా వచ్చి చూస్తాను" అని చెప్పవలెను. రద్దీ తగ్గిన తరువాత మళ్ళీ లేపమనవలెను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టములో నెట్‌వర్కు పని నేడు ఈ తీరుగానే నడుస్తున్నది. కనుక, ఎంతసేపట్లో జవాబు వస్తుంది, ఎన్ని జవాబులు వస్తాయి అనే రెండు ప్రశ్నలు వేసుకున్న తరువాతనే పద్ధతిని ఎన్నుకోవలెను.

పరికరాల సందడి ప్రాసెసరు కాలాన్ని మింగివేయడం మా చిన్న నిలయానికే పరిమితమైన కష్టం కాదు. 1969 జూలై 20న అపోలో 11 నౌక చంద్రునిపై దిగుతూ ఉండగా దాని కంప్యూటరు 1202 అని, తరువాత 1201 అని హెచ్చరికలు చూపినది. పని ఎక్కువైనది, పట్టడం లేదు అని వాటి తాత్పర్యం. కారణం ఒక రాడారు. దిగే సమయంలో దాని జవాబులతో పని లేదు. కాని దాని విద్యుత్ సరఫరాకూ కంప్యూటరు వైపు సరఫరాకూ లయ కుదరక, లెక్కింపు సంకేతాలు సెకనుకు 12,800 దాకా కంప్యూటరుపై వచ్చి పడినాయి. ఒక్కొక్కదానిని లెక్కించడానికి 11.7 మైక్రోసెకన్లు. మీరే గుణించి చూడండి: ప్రతి సెకనులోనూ సుమారు 15 వంతుల కాలం, నూటికి, అడగని జవాబులకు ధారపోయవలసి వచ్చినది.

అయినా నౌక క్షేమంగా దిగినది. దానికి కారణం ఆ ప్రోగ్రాములను రచించినవారి ముందుచూపు. మార్గరెట్ హామిల్టన్ మొదలైనవారు పాల్గొన్న ఆ రచనలో ప్రతి పనికీ ఒక స్థాయి నిర్ణయించి ఉన్నది. భారం మించినప్పుడు కంప్యూటరు తనంతట తాను పనులను విడిచి, మళ్ళీ మొదలుపెట్టి, అవసరమైన వాటినే చేపట్టగలదు. నౌకను నడపడం ముందు. తెరమీద అంకెలు చూపడం తరువాత.

ఈ వృత్తాంతం చదివినప్పుడు నాకు సిగ్గు వేసినది. మా నిలయంలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగినది. తుఫాను హెచ్చరిక వెనుకబడి, నా బల్లమీద అంకె ముందుకు వచ్చినది. దానికి పై స్థానం ఇమ్మని ఆ యువకునికి నేను చెప్పలేదు గాని, 'ముఖ్యం' అన్న మాటను విచక్షణ లేకుండా వాడినవాణ్ణి నేనే. నాకు ప్రతి సెకనుకూ ఆ కొలత ఎందుకు? ట్రాన్స్‌మిటరు శక్తి తగ్గితే నిమిషంలోపల తెలిసినా చాలును. ఆ మాట నేనూ ఆలోచించలేదు, ఆయనా అడగలేదు.

మరునాడు మా ఇంజనీరూ ఆ యువకుడూ కలిసి కూర్చుని ప్రోగ్రామును మార్చినారు. సెకనుకొకసారి అడగడం మాని అరనిమిషానికొకసారి అడిగేటట్లు చేసినారు. అడిగిన తరువాత ప్రోగ్రాం నిద్రపోతుంది. జవాబు వస్తే లేస్తుంది, రాకపోతే గడువు తీరగానే లేచి, మరి రెండు పర్యాయాలు అడిగి చూచి, 'పరికరం పలకడం లేదు' అని తెరమీద వ్రాసి ఊరుకుంటుంది. ఆ తరువాత అడిగే ఎడాన్ని క్రమంగా పెంచుకుంటూ పోతుంది. దాని స్థానాన్ని అన్నిటికంటె కిందికి దించినారు. ధ్వనిని వినిపించే ప్రోగ్రామును పైకి ఎక్కించినారు. తీగ మొగకు రబ్బరు తొడుగు వేసినారు. అంతా కలిపి ఒక పూట పని. తరువాత పట్టిక తెరిచి చూస్తే, మా కొలత ప్రోగ్రాం వాడుకుంటున్న ప్రాసెసరు కాలం సున్నా అని చూపుతున్నది. పంకా శబ్దం కూడా అణిగిపోయినది.

ఈ సంగతి ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినదని మీరు భావించకుండా ఉండడానికి చివరిగా ఒక్క మాట చెబుతాను. మీ జేబులోని టెలిఫోను కూడా ఇటువంటి యంత్రమే. పూర్వం లినక్స్ వంటి వ్యవస్థలలో పని ఉన్నా లేకపోయినా ఒక గడియారం సెకనుకు 100 మొదలు 1000 పర్యాయాల దాకా ప్రాసెసరును తట్టి లేపుతూ ఉండేది. 2007లో వెలువడిన 2.6.21 సంచిక నుంచి, పని లేనప్పుడు ఆ తట్టడాన్ని ఆపివేసే వీలు కల్పించినారు. ప్రాసెసరు మరింత గాఢంగా నిద్రపోగలుగుతున్నది. బ్యాటరీ అంతమేరకు నిలుస్తున్నది. ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోనూ లోపల ఉన్నది లినక్సే. అయితే ఏ ఒక్క ప్రోగ్రాం నిద్రపోవడం మరచి అడుగుతూ కూర్చున్నా ఆ ఆదా అంతా వ్యర్థమే. ఫోను ఊరక బల్లమీద ఉండగానే వేడెక్కితే, లోపల ఎవరో "వచ్చినదా? వచ్చినదా?" అని అడుగుతూ ఉండవచ్చునని అనుమానించండి.

ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుంటున్న యువతీయువకులు కూడా ఈ ప్రసంగం వింటూ ఉంటారని నా నమ్మకం. వారికి నా విన్నపం ఇది. మీరు ఒక పరికరంతో మాట్లాడే ప్రోగ్రాం వ్రాసినప్పుడు, పరికరం చక్కగా జవాబు చెబుతూ ఉండగా పరీక్షించి తృప్తిపడవద్దు. తీగ ఊడదీసి చూడండి. జవాబు ఆలస్యం చేసి చూడండి. అప్పుడు ప్రాసెసరు ఏమి చేస్తున్నదో పట్టిక తెరిచి చూడండి. మీ ప్రోగ్రాం పక్కన, అదే ప్రాసెసరుమీద, మరెవరి పనో ఉంటుంది. అది ఏ మారుమూల పల్లెకో చేరవలసిన ఒక మాట కావచ్చును.

తుఫాను వెలిసిన మూడవ రోజున ఆ పల్లెనుంచి మళ్ళీ ఫోను వచ్చినది. పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయినాయనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ ఆయన చెప్పినాడు. తరువాత, "మీ రేడియోకు నత్తి నయమైందా అయ్యా?" అని అడిగినాడు. నయమైనదని చెప్పినాను.

సెలవు.